కింద గీత

తెలంగాణ వచ్చిన కొత్తలో మా వయసు పిల్లలకు రెండే కోరికలు ఉండేవి. ఒకటి ఉద్యోగం, రెండోది టచ్ ఫోను. నాకు ఫోను పూర్తిగా దొరికింది, ఉద్యోగం సగమే దొరికింది. (సగం అని ఎందుకంటున్నానంటే అది కాంట్రాక్టు ఉద్యోగం. ఆ మాట చెవిన పడగానే ఎదుటివాళ్ల ముఖంలో వెలుగు ఎలా తగ్గిపోయేదో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.) ఇప్పటి పిల్లలు ఫోను చేతికిస్తే పుట్టుకతోనే వచ్చినట్టు వాడేస్తున్నారు. మేం మాత్రం దాని ముందు హెడ్మాస్టరు ముందు నిలబడ్డట్టు నిలబడేవాళ్లం. అది ఏమడిగినా మాదే తప్పనుకునేవాళ్లం. ఎర్ర అక్షరాల్లో ఒక్క ముక్క కసిరిందంటే ఆ పూట అన్నం సహించేది కాదు. అలా ఒక యాప్ నా పేరును పట్టుకుని కసరడం వల్ల నా పెళ్లి సంబంధం చేజారిపోయే దాకా వచ్చింది.

మాది కోస్గి దగ్గర పల్లె. మా బాపు గొర్లు మేపేవాడు, వాన పడితే పండే కొంచెం పొలం కూడా ఉండేది. డిగ్రీ అయ్యాక నాకు దేవరకొండలో ఒక పాలకేంద్రంలో పని దొరికింది. పొద్దున్నే ఊళ్ల నుంచి వచ్చే పాలల్లో వెన్న ఎంతుందో చూసి రాయడం నా పని. బస్టాండుకు దగ్గర్లో ఒక ఇంటి మీది గదిలో కిరాయికి ఉండేవాణ్ణి. కింద ఇంటివాళ్లు ఉండేవాళ్లు. ఇంటాయనది గీత వృత్తి, అంటే తాటిచెట్లెక్కి కల్లు గీసే పని. పెద్దమనిషి. ఆదివారం పూట చెట్టు దిగి వస్తూ "తమ్మీ, జర కిందికి రా" అని పిలిచి తాటాకు దొప్పలో ఇంత పోసేవాడు. పెద్దవాళ్ల మాట కాదనడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు. (ఈ ఆదివారం సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా బాపు జన్మలో ఆ చుక్క ముట్టినవాడు కాదు.)

అప్పటికి నాకు మూడు సంబంధాలు తప్పిపోయాయి. మూడు చోట్లా మర్యాదగానే చూశారు, మూడు చోట్లా కాంట్రాక్టు అనగానే టీ తొందరగా తాగేశారు. నాలుగోది మా చిన్నమ్మ తెచ్చిన సంబంధం. చిన్నమ్మను ఇచ్చింది కొల్లాపూర్‌లో. ఆ వీధిలోనే రెండిళ్ల అవతల ఒక పిల్ల ఉందని, డిగ్రీ చదివిందని, వాళ్లకు మేకలూ ఒక చిన్న కిరాణా దుకాణమూ ఉన్నాయని చెప్పింది. వెళ్లి చూశాం. నాకు నచ్చింది అనడం చిన్న మాట. ఆ అమ్మాయి ఉప్మా ప్లేటు ఇస్తూ "చెంచ ఇయ్యాల్నా?" అని అడిగితే ఏం జవాబు చెప్పాలో తెలియక "మీ ఇష్టం" అన్నాను. మమ్మల్ని పెరట్లో ఓ అయిదు నిమిషాలు మాట్లాడుకోమన్నారు. ఆ అయిదు నిమిషాల్లో మూడు నిమిషాలు ఒక మేకపిల్ల నా ప్యాంటు అంచు నములుతుంటే విడిపించుకోవడానికే పోయాయి.

మిగిలిన రెండు నిమిషాలూ ఆమే మాట్లాడింది. "నేను ఒకటి అడగాలె. గీడ అడిగితే అందరు వింటరు. ఖాయం గాకముందు నంబర్ ఇయ్యద్దని మా మేనమామ అన్నడు" అంది. తర్వాత ఒక యాప్ పేరు చెప్పింది. అందులో నంబరు కనబడదట. ఎవరి పేరు వాళ్లు పెట్టుకుంటే, ఆ పేరు కొట్టి వెతుక్కుని మాట్లాడవచ్చట. "నేను వెట్టుకున్న పేరు జెప్ప. మీరు పేరు వెట్టుకోని మీ చిన్నమ్మతోని చెప్పి పంపియ్యుండ్రి. నేనే మెసేజ్ చేస్త" అంది. ఇంతలో వాళ్ల మేనమామ గడపలోకి వచ్చి దగ్గాడు. ఆయన సన్నగా, పొడుగ్గా, ప్రతి మనిషినీ కల్తీ ఏమైనా ఉందా అన్నట్టు చూసే మనిషి. (పాలకేంద్రంలో మేము పాలను చూసే చూపే అది. అందుకే నాకు ఆయనంటే మొదటి నుంచీ లోపల ఒక గౌరవం ఉంది.)

దేవరకొండకు తిరిగి వచ్చిన మర్నాడే మధ్యాహ్నం పని ముగించుకుని ఆ యాప్ తెరిచాను. పేరు పెట్టుకోమంది. నా పేరు రవి. తెలుగులో రాశాను, ఇంగ్లిషు అక్షరాలే రాయమంది. ఇంగ్లిషులో రాశాను, కనీసం అయిదు అక్షరాలు ఉండాలంది. మా బాపు ఎంతో ఆలోచించి పెట్టిన పేరుకు ఒక అక్షరం తక్కువైందని ఎవరో ఎర్ర సిరాతో రాసి పంపినట్టు అనిపించింది. సరే, పక్కన ఒకటి అంకె వేశాను, ఆ పేరు ఎవరో తీసుకున్నారంది. రెండు వేశాను, అదీ పోయింది. నూరు దాటినా రవులు తగ్గలేదు. అంకె ముందు పెట్టి పేరు వెనక పెడదామంటే అంకెతో మొదలు కాకూడదంది. రవి అని రాసి, కొంచెం జాగా వదిలి, కోస్గి అని రాస్తే మధ్యలో ఖాళీ ఉండకూడదంది. చుక్క పెడితే చుక్క పనికిరాదంది. రెండూ కలిపి రాద్దామంటే ఆ పేరుతో ఇంకెవడో కోస్గి రవి అప్పటికే కూర్చుని ఉన్నాడు. వాడెవడో నాకు ఇప్పటికీ తెలియదు.

చివరికి పాలకేంద్రంలో కంప్యూటరు చూసే అన్న దగ్గరికి వెళ్లాను. ఆయన నా ఫోను అందుకుని, ముఖంలోకి చూసి, "సంబంధమా?" అన్నాడు. తలూపాను. "రవికి కోస్గికి నడుమ కింద గీత వెట్టు. అది ఒప్పుకుంటది" అని, అక్షరాల పలక వెనక దాక్కున్న ఆ గీతను చూపించాడు. పెట్టాను. ఎర్ర అక్షరాలు మాయమై పచ్చ టిక్కు వచ్చింది. పదో తరగతి పాసైన రోజు కూడా నేను అంత సంతోషపడలేదు.

వెంటనే చిన్నమ్మకు ఫోను చేశాను. చిన్నమ్మది బటన్ల ఫోను, చదువు మూడో తరగతి. మొదట గీతకు ఇంగ్లిషు మాటే చెప్పాను. "అండర్‌స్కోర్" అంటే "అందరి స్కోరా? క్రికెట్టా?" అంది. సులువుగా ఉండాలని నేనే తెలుగులోకి మార్చాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

"చిన్నమ్మా, మంచిగ యాదిలో వెట్టుకో. రవి. కింద గీత. కోస్గి."

"రవి. కింద గీత. కోస్గి. గంతేనా?"

"గంతే. గీతను మాత్రం మర్చిపోకు. గీత లేకపోతే నేను దొరకనే దొరక."

"గీత లేకుంటే నువ్వు దొరకవు. సరే కొడుకా, ఇప్పుడే పోయి జెప్తా."

ఆ తర్వాత మెసేజ్ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. పాలు కొలుస్తూ చూశాను, అన్నం తింటూ చూశాను. ఫోను పాడైందేమోనని మూసి తెరిచాను. ఏం మాట్లాడాలో ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను. (మొదటి వాక్యం "మీరు క్షేమమని తలుస్తాను". అంతకన్నా గొప్పది తట్టలేదు.) అయిదారు రోజులు గడిచాయి. ఒక సాయంత్రం గదికి వస్తుంటే ఇంటాయన అరుగు మీద చెట్టెక్కే మోకు సవరించుకుంటూ, "తమ్మీ, కొల్లాపూర్ దిక్కు నుంచి ఒకాయన వచ్చి నీ గురించి అడిగిపోయిండు. సన్నగ, పొడుగున్నడు. ఫికర్ జెయ్యకు, ఉన్నదున్నట్టు మంచిగ జెప్పిన" అన్నాడు. నేను పొంగిపోయాను. విచారించుకోవడానికి వచ్చారంటే సంబంధం ముందుకు నడుస్తున్నట్టే కదా. ఆయనకు రెండుసార్లు దండం పెట్టాను.

మూడో రోజు అమ్మ ఫోను చేసింది. కొల్లాపూర్ వాళ్లు వద్దన్నారట. ఎందుకు అని అడిగితే, "మమ్ముల అడుగుతున్నవా? నీకే ఎర్క" అని పెట్టేసింది. ఈసారి ఉద్యోగం గురించి ఎవరూ ఏమీ అనలేదు. కాంట్రాక్టు సంగతి వాళ్లకు మొదటి రోజే చెప్పాం. మరి నాకే తెలిసిన ఆ కారణం ఏమిటో నాకు తెలియలేదు. ఆ రోజు ఒకరి పాలు ఇంకొకరి పేరున రాసి కేంద్రంలో తిట్లు తిన్నాను.

మర్నాడు మధ్యాహ్నం మా బాపు దిగాడు. కోస్గి నుంచి దేవరకొండకు మూడు బస్సులు మారాలి. భుజం మీద గొంగడితో, చేతిలో జొన్నరొట్టెల మూటతో మెట్లెక్కి వచ్చి, చాప మీద కూర్చుని, నేనిచ్చిన నీళ్లు తాగి, గొంగడి మడిచి పక్కన పెట్టాడు. మా బాపు గొర్లతో తప్ప మనుషులతో ఎక్కువ మాట్లాడడు. చివరికి గోడ వైపు చూస్తూ అడిగాడు.

"గీత ఎవలు కొడుకా?"

"ఏ గీత?"

"నా దగ్గర దాచకు. నేను కొట్టనీకి రాలే, తిట్టనీకి రాలే. ఆ పిల్లనే నీకు నచ్చితే జెప్పు. వాల్ల అమ్మానాయినను నేనే అడుగుత. ఏ కులమైనా సరే, మీ అమ్మకు నేను జెప్పుకుంటా."

నాకు ఆ గీత ఎవరో తెలియదు గానీ, ఆమె కోసం మా బాపు ఊరినీ కులాన్నీ అమ్మనూ ఎదిరించడానికి సిద్ధపడి వచ్చాడు. మూడు బస్సుల్లో కిటికీ పక్కన కూర్చుని ఈ మాటలే కూడబలుక్కుంటూ వచ్చి ఉంటాడు. "బాపూ, నాకు ఏ గీతా తెల్వదు" అన్నాను.

"మరి నువ్వే గద మీ చిన్నమ్మతోని చెప్పి పంపినవు. కింద గీత ఉన్నది, గీత లేకుంటే నేను దొరక అని. నువ్వు మీద ఉంటవు, ఆ పిల్ల కింద ఉంటది. ఆ మేనమామ వచ్చి కనుక్కోని గూడ పోయిండంట."

అప్పుడు వెలిగింది. నవ్వాను. ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేక, చాప మీద దొర్లి నవ్వాను. మా బాపు ముఖం చిన్నబోవడం చూసి లేచి కాగితం తీసుకుని ఇంగ్లిషు అక్షరాల్లో నా యూజర్‌నేమ్ పెద్దగా రాసి చూపించాను. ఆయన ఆ అక్షరాలను చూడలేదు. వాటి మధ్య అడుగున పడుకుని ఉన్న చిన్న గీతను వేలితో తాకి చూశాడు.

"గింతేనా?"

"గింతే బాపూ."

"గీ పుల్లంత గీత కోసం రాత్రి నుంచి అన్నం తినలే నేను" అని, మూట విప్పి, నాకో రొట్టె ఇచ్చి తానొకటి తీసుకున్నాడు. సగం తిన్నాక ఆయనకూ నవ్వొచ్చింది. మా బాపు శబ్దంతో నవ్వడం నేను అంతకుముందు రెండుసార్లకు మించి వినలేదు.

మర్నాడు పొద్దున్నే సెలవు పెట్టి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బాపుతో కలిసి కల్వకుర్తి మీదుగా కొల్లాపూర్ వెళ్లాను. చిన్నమ్మను కూడా వెంటబెట్టుకుని వాళ్లింటికి నడిచాం. (చిన్నమ్మ దారి పొడుగునా "నేను ఒక్క అక్షరం తప్పు జెప్పలే" అంటూనే ఉంది. నిజమే, పాపం, ఒక్క అక్షరం కూడా తప్పు చెప్పలేదు.) వాళ్లు కూర్చోమన్నారు గానీ ఈసారి ఉప్మా రాలేదు. నేను కాగితం విప్పి, గీత చూపించి, చుక్క పెడితే ఒప్పుకోలేదని, ఖాళీ వదిలితే ఒప్పుకోలేదని అంతా వివరించాను. పిల్ల నాయిన తల పంకించాడు. మేనమామ మాత్రం కదల్లేదు.

"కాగితం మీద ఏ గీతన్నా గీసుకొస్తరు" అన్నాడు. "నేను నీ ఇంటాయననే అడిగిన. ఈడ గీత ఉందంట గద అంటే, ఉన్నది, గీతతోనే మా ఇల్లు నడుస్తది అన్నడు. మరి మీద ఉండే పిలగాని సంగతేంది అంటే, ఆదివారం ఒక్కనాడే సార్, అదిగూడ నేను పిలిస్తెనే వస్తడు, మిగిలిన దినాలు రాడు అన్నడు. పిల్లను గన్న తండ్రి గట్ల నిమ్మలంగ జెప్తుంటే నాకే సిగ్గయింది."

ఇంటాయన చెప్పింది ఏ గీత గురించో నాకు అర్థమైంది. ఆ పెద్దమనిషి, నేను తాగుబోతునని ఎక్కడ అనుకుంటారోనని, నా పరువు కాపాడటానికే అన్నాడు ఆ మాట. ఇప్పుడు ఆడపిల్ల గీత లేదని తేలాలంటే తాటిచెట్టు గీత ఉందని చెప్పాలి. పక్కనే మా బాపు కూర్చుని ఉన్నాడు. తలుపు వెనక గాజుల చప్పుడు వినబడుతోంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామని ఒక్క క్షణం అనిపించింది. కానీ నిన్న ఆ చాప మీద కూర్చుని ఉన్న మనిషి గుర్తొచ్చాడు. ఆయన పక్కన కూర్చుని అబద్ధం ఆడటానికి నోరు రాలేదు.

"ఇంటాయనది గీత పని. కల్లు గీస్తడు" అన్నాను నేల చూస్తూ. "ఆదివారం నేను పోయేది దానికే. ఒక దొప్ప. ఒక్కోసారి రెండు."

మా బాపు వైపు చూసే ధైర్యం లేకపోయింది. ఇక లేచి వెళ్లడమే మిగిలింది అనుకున్నాను. అప్పుడు పిల్ల నాయిన, ఆ రోజు దాకా నాతో రెండు మాటలకు మించి మాట్లాడని మనిషి, కుర్చీలో ముందుకు వంగి అడిగాడు.

"తాటిదా, ఈతదా?"

"తాటిదే."

"చెట్టు కిందనే తాగుతవా, ఇంటికొచ్చినంకనా?"

"ఇంటికొచ్చినంక."

"చెట్టు కింద తాగాలె. ఎండెక్కితే పులుస్తది" అన్నాడు ఎంతో శ్రద్ధగా. లోపల్నుంచి ఆయన భార్య గట్టిగా ఏదో అంది. ఆయన మళ్లీ వెనక్కి ఆనుకుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. మా బాపు వైపు మెల్లగా చూశాను. ఆయన నన్ను చూడకుండానే, "మొత్తానికి గీత ఉండనే ఉన్నది" అని గొణిగాడు. ముందు చిన్నమ్మ నవ్వింది. తర్వాత మిగతావాళ్లు.

తలుపు వెనక నుంచి ఆ అమ్మాయి బయటికి వచ్చింది. "మామా, ఆ కాగితం గిట్లియ్యి" అని అందుకుని చూసి, "నువ్వు నన్ను అడగకపోతివి. ఇది నీ ఫోన్ల గూడ ఉంటది" అని, తన ఫోను తెచ్చుకుని అక్కడే నిలబడి కొట్టడం మొదలుపెట్టింది. ఇన్ని రోజులూ ఆమెకు నా పేరు అందనే లేదు. చిన్నమ్మ చెప్పినప్పుడు ఆమె ఇంట్లో లేదట, విన్న మేనమామ ఆమెకు చెప్పలేదట. నేను ఎదురుచూసినట్టే ఆమె కూడా పది రోజులు ఎదురుచూసి, ఈ మనిషికి మాట్లాడటం ఇష్టం లేదు కాబోలు అనుకుందట. నా జేబులో ఫోను మోగింది. తీసి చూస్తే పంపినవారి పేరు ఉమఉమ అని ఉంది. అర్థం కాక తలెత్తాను.

"నా పేరు ఉమ గద. ఇంగ్లిషుల మూడే అక్షరాలు. పొట్టిగుందని ఆ యాప్ ఒప్పుకోలే" అంది. "గందుకే రెండుసార్లు రాసిన."

ఆ ఎర్ర అక్షరాలు ఆమెనూ కసిరాయన్నమాట. నాకు ఆమె మీద అంతవరకు ఉన్న ఇష్టానికి తోడు ఒక ఆత్మీయత కలిగింది. మెసేజ్ తెరిచాను. పది రోజులుగా ఆమె అడగాలనుకున్నది ఒక్క వాక్యం. "నేను బీఈడీ చెయ్యాలి. పెళ్లయితే చదువు ఆపమంటారా?" అని ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. నోటుబుక్కులో రాసుకున్న వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. మంచివాడిలా కనబడాలనే తొందరలో "ఓకే" అని కొట్టి పంపాను.

ఆమె చదువుకుని, తలెత్తి నన్ను చూసింది. ఆ చూపుతో నేనేం పంపానో నాకు తెలిసింది. ఆపమంటారా అని అడిగితే ఓకే అన్నాను. వెంటనే కాదు కాదు అని కొట్టబోతే ఏవో అక్షరాలు తారుమారై ఇంకేదో వెళ్లింది. ఇక ఫోను పక్కన పెట్టి, అందరూ ఉన్నారన్నది మరిచిపోయి, లేచి నిలబడి, "చదువుకోండి. ఎంతవరకైనా చదువుకోండి" అని నోటితోనే చెప్పేశాను. మేనమామ "ఏం చదువు?" అన్నాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి వంటింట్లోంచి ఉప్మా తాలింపు వాసన వచ్చింది.

ఆమె ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. నా ఉద్యోగం పేరు మారింది, పని మాత్రం పాలల్లో వెన్న చూడటమే. ఆ యాప్‌ను మేమిద్దరం మానేసి చాలా ఏళ్లయింది. ఆ ఫోను కూడా ఎక్కడో పోయింది, దానితోపాటే ఆ మెసేజులూ పోయాయి. ఆమెకు మాత్రం ప్రతి అక్షరం గుర్తుంది. ఎవరైనా కొత్తవాళ్లు ఇంటికొస్తే, "మా ఆయన నాకు రాసిన మొదటి ప్రేమలేఖ రెండక్షరాలు, అదిగూడ తప్పు" అని చెబుతుంది. నేను పక్కన కూర్చుని నవ్వుతుంటాను. అప్పుడప్పుడు ఒంటరిగా ఉన్నప్పుడు, అంతమంది మధ్య కుర్చీ అంచున కూర్చుని, చెమటలు కారుతూ, రెండు బొటనవేళ్లతో ఆ చిన్న తెర మీద తడబడుతున్న ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాడు కళ్ల ముందుకు వస్తాడు. వాడి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేయాలనిపిస్తుంది. "నిమ్మలంగ కొట్టు తమ్మీ. ఆమె ఏడికి పోదు" అని చెప్పాలనిపిస్తుంది.